అన్న బండికి వేయని షాకబ్జర్లు

ఇన్నేళ్లూ ఈ బరువు మోశాను. ఇంక నా వల్ల కాదు. నా భార్యకు చెప్పలేదు. అమ్మకు కూడా, ఆమె పోయేదాకా చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీ దగ్గర నోరు పెగులుతోంది. తిట్టాలనిపిస్తే తిట్టుకోండి, మధ్యలో మాత్రం లేచి వెళ్లిపోకండి.

నాకు హిందూపురంలో బైకులు బాగుచేసే షెడ్డు ఉంది. మా అన్న ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. రోజూ బండి మీదే పోయి వచ్చేవాడు. బస్సులో పొమ్మంటే మొహం ముడుచుకునేవాడు, బండంటే ఆయనకు అంత ప్రాణం. నడుము పట్టేస్తోందని, వెనక చక్రానికి మంచి షాక్ అబ్జార్బర్లు తెప్పించి వేయమని నన్నడిగాడు. మేమందరం షాకబ్జర్లంటాం. గ్యాస్ నింపినవైతే గుంతలో పడినా దెబ్బ నడుముకు ఎక్కదు. బెంగళూరు నుంచి ఒక జత తెప్పించాను.

అప్పుడే నా భార్యకు ఐదో నెల. పుట్టినిల్లు ధర్మవరం, చూపించుకునే డాక్టరమ్మ కూడా అక్కడే. పెనుకొండ మీదుగా నా బండి మీదే తీసుకెళ్లేవాణ్ణి. రైలుంది కదా అంటారేమో. ఉంది. కానీ పెళ్లాన్ని సొంత బండి మీద తిప్పడం నాకో గొప్ప, మెకానిక్ పెళ్లాం రైల్లో పోవడమేమిటని నా పొగరు. నా బండి షాకబ్జర్లేమో అరిగిపోయి ఉన్నాయి. గుంత వచ్చినప్పుడల్లా ఆమె రెండు చేతులతో పొట్ట పట్టుకునేది. పల్లెత్తు మాట అనేది కాదు. అనుంటే బాగుండేదేమో.

పార్శిల్ వచ్చింది. పెట్టె విప్పాను. అన్న బండి ఈ పక్క, నా బండి ఆ పక్క, రెండూ ఒకే మోడలు. కాన్పు అయ్యేదాకానే కదా, తర్వాత మార్చేద్దాం అనుకున్నాను. అన్నకు తెచ్చినవి నా బండికి వేసుకున్నాను. నావి విప్పి, కిరోసిన్‌తో కడిగి, నల్లరంగు కొట్టి అన్న బండికి బిగించాను.

మా షెడ్లలో ఒక పద్ధతి ఉంది. బండిలోంచి తీసిన పాత సామాను బండిగలాయనకు తిరిగి ఇచ్చేయాలి. నిజంగానే మార్చామనడానికి అదే సాక్ష్యం. అన్న పాత షాకబ్జర్లను కవర్లో వేసి ఆయన చేతికే ఇచ్చాను. అవి ఆయనవే, అందులో అబద్ధం లేదు. ఆ కవరు చేతికి వచ్చాక ఇంకెవరు అనుమానిస్తారు? ఆయన చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించి, రైలు గేటు దాకా ఒక చుట్టు తిరిగొచ్చాడు. ఉయ్యాలలో ఊగినట్టుందన్నాడు. అరిగిపోయిన నా షాకబ్జర్ల మీద కూర్చుని! నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. దాన్నెందుకు దాచాలి?

పాప పుట్టింది. మార్చలేదు. పసిబిడ్డతో తిరగాలి కదా అని కొన్నాళ్లు, పని ఒత్తిడి అని కొన్నాళ్లు నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. అన్న బండి ఆయిల్ మార్చడానికి షెడ్డుకు వస్తూనే ఉండేది. గంటలో అయిపోయే పని, ఆయనకు తెలియకుండానే చేసేయొచ్చు. మరి ఎందుకు చేయలేదు? పెళ్లాం మీద ప్రేమా? బిడ్డ మీద ప్రేమా? ఛీ, అదేం కాదు. ఆ మెత్తదనం నాకు అలవాటైపోయింది. అంతే.

అన్న నడుము నొప్పి తగ్గకపోగా పెరిగింది. ఒకరోజు మంచం దిగలేకపోతే, నా బండి మీద వెనక కూర్చోబెట్టుకుని పెనుకొండలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఊరు దాటాక నా భుజం తట్టాడు.

"ఏమిరా, నీ బండి ఇంత మెత్తగా పోతాండాది? నాది కొత్తవి వేసినా ఎత్తి కుదేస్తాది."

అప్పుడైనా బండి ఆపి ఉండాల్సింది. ఆయన కూర్చున్నది ఆయన షాకబ్జర్ల మీదే. వంగి చూస్తే కనబడేవి, కానీ ఆయన వంగలేడు.

"బండిదేం ల్యాదన్నా. నీ నడుములోనే ఉండాది" అన్నాను.

"అంతేనంటావా?"

"అంతేనన్నా. సామాను మంచిదే."

అన్న నా భుజం మీది చెయ్యి తీసి నడుము పట్టుకున్నాడు. తర్వాత మెల్లగా, "అయితే నేనే చెడిపోయినట్లుండాదిలేరా" అన్నాడు.

ఆ ఏడాదే బండి అమ్మేశాడు. పని మానేశాడు. ఇప్పుడు వదిన నడిపే చిల్లరంగట్లో కుర్చీలో కూర్చుంటాడు. పాప ఎత్తుకోమని చేతులు చాపితే, "నా నడుము సంగతి తెలుసు కదమ్మా" అని నవ్వేవాడు. ఫ్యాక్టరీలో వంగి చేసే పని వల్ల కూడా అయ్యుండొచ్చని డాక్టరన్నాడు. ఎన్నిసార్లు ఆ మాట పట్టుకుని వేలాడానో! మంచివి వేసుంటే అన్న బాగుండేవాడా? తెలియదు. ఎప్పటికీ తెలియదు. కానీ షాకబ్జర్లు కాజేయడం ఒక ఎత్తు, నీ ఒళ్లే పనికిరాదని తోడబుట్టినవాణ్ణి నమ్మించడం ఇంకో ఎత్తు. మొదటిదానికి ఏదో ఒక సాకు చెప్పుకోగలను. రెండోదానికి నా దగ్గర ఏ సాకూ లేదు.

మొన్న అన్న షెడ్డుకు వచ్చాడు, నడుముకు బెల్టు కట్టుకుని. అదే సమయానికి ఒకాయన గ్యాస్ షాకబ్జర్లు వేయించుకోవాలా వద్దా అని నాతో తర్జనభర్జన పడుతున్నాడు. నేను నోరు తెరిచేలోపే అన్న అందుకున్నాడు.

"వేయించుకోప్పా, ఏం ఆలోచన చేస్తాండావు? మా తమ్మునిది నమ్మకమైన చెయ్యి. నాకూ మంచివే వేసినాడు. నా నడుమే మంచిది కాకపాయ."

అన్న టీ తాగి, నా వీపు తట్టి వెళ్లిపోయాడు. ఆయన మొహం చూస్తూ చెప్పే ధైర్యం నాకు ఇంకా రాలేదు, రేపు వస్తుందని కూడా అనను. క్షమించమని అడగడానికి మొహం లేదు. ఒక్కసారైనా అబద్ధం కలపకుండా ఆయనకు చెప్పాల్సిన మాట రాసి చూసుకోవాలని కూర్చున్నాను. రాస్తుంటే గుండె కాస్త తేలికపడుతోంది, అందుకూ సిగ్గుగానే ఉంది.

అన్నా, నేను నీకు మంచివి వేయలేదు.