కొసరు ఆవిరి

రాజాం దగ్గర నూకలతో ఇథనాల్ తీసే ఫ్యాక్టరీలో నేను షిఫ్ట్ ఇన్‌చార్జిని. పులిసిన నూకల జావను ఆవిరితో కాచి, నీళ్లు విడదీసి, పెట్రోల్లో కలిపే స్పిరిట్ తీస్తాం. ఆ ఆవిరి కోసం బాయిలర్‌లో ఊక పోస్తాం. ఎంత పోసినా దాని ఆకలి తీరేది కాదు. ఇలా లాభం లేదు, రెండో బాయిలర్ కట్టాలన్నారు పైవాళ్లు. అందుకు ఫ్యాక్టరీ గోడ పక్క మడి చూశారు.

మడి ఫ్యాక్టరీదే. కౌలుకు చేసేది మాత్రం మా పిన్ని. అందులో పండిన వంకాయలు అమ్ముకునే ఆవిడ బతుకుతోంది. సంగతి చెప్తే నన్ను తిట్టలేదు.

"మరి నారు పొయ్యనా, మాననా? అది సెప్పు" అంది.

ఎవరి మీదో తెలియని కోపంతో ఒళ్లు మండిపోయింది.

ఆ కోపంతోనే డ్యూటీకెక్కాను. దిగిపోతున్న ఆపరేటర్ వెళ్తూ వెళ్తూ ఆవిరి వాల్వు మరికాస్త తెరిచాడు.

"అంతా బాగానే ఉన్నాది కదా బావా, మళ్లీ తిప్పుతావేటి?" అన్నాను.

"ఉన్నాదిలే. తర్వాతోడికి స్పిరిట్ పల్చగుందని ల్యాబు నుంచి మాట రాకూడదని కొసరు."

మావాళ్లందరిదీ అదే అలవాటు. గ్లాసుడు అడిగితే చెంబుడు పోసే జనం. ప్రతి షిఫ్టూ కొసరు వేసేదే, తగ్గించే చెయ్యి లేదు. స్పిరిట్ అవసరానికి మించి శుద్ధవుతోంది, ఊక దండగవుతోంది.

"కొసరు సంతలో పెట్టుకోండిరా, ఇక్కడ కాదు" అని అందరి మీదా కేకలేశాను.

ఆ రోజు నుంచి వాల్వు కొంచెం కొంచెంగా మూస్తూ, ప్రతిసారీ ల్యాబు మాట కోసం ఆగాం. ఒకసారి మరీ మూసేస్తే స్పిరిట్ పల్చబడి, అంతా మళ్లీ కాయాల్సి వచ్చింది. బావ ముఖం మాడ్చుకున్నాడు. అయినా మానలేదు. బయటికి పోయే వేడి నీళ్లతో లోపలికొచ్చే జావను వెచ్చబెట్టే గొట్టాలకు గార పట్టి ఉంటే, అవీ తోమించాం.

వానలు తగ్గేసరికి షెడ్డులో ఊక మిగలసాగింది. ఈ ఏటికి రెండో బాయిలర్ అక్కర్లేదన్నారు. పై ఏటి సంగతి నేను అడగలేదు. డ్యూటీ దిగి నేరుగా మడికి నడిచాను.

"బాయిలర్ రాదు పిన్నీ, నారు పోసీ."

ఆవిడ నా ముఖంలోకి చూసి, కొంగు ముడి విప్పింది. అందులో వంగ విత్తనాలు. ఇన్నాళ్లూ వాటిని కొంగున కట్టుకునే తిరిగింది.

"సూస్తావేటి, నీళ్లట్టుకురా" అంది.