నాయన ఇత్తడి బిళ్ల ఎవరిది?

ఈ రోజు సాయంత్రం హమాలీ సంఘం పెద్ద, నాయన జతగాడు, మా ఇంటికొచ్చి నాయన బిళ్ల అడిగాడు. చొక్కాకు ఆ ఇత్తడి బిళ్ల ఉంటేనే హిందూపురం యార్డులో మూట ఎత్తనిస్తారు. నాయన పోయి నెల దాటింది. పెనుకొండ మనిషి ఒకడు దాన్ని కొంటానన్నాడు. ఆ దుడ్లతో ఇంటి రేకులు మార్పించాలని అమ్మ ఆశ.

"అమ్ముకొనేకి అది మీ సొత్తు గాదు వదినా, సంగానిది. ఇంకొక లేనోనికి ఊరికే ఇస్తాం," అన్నాడాయన.

"ఇన్నేండ్లు చింతపండేసి తోమింది నేనప్పా. సంగమొచ్చి తోమిందా?" అని అమ్మ నా వైపు తిరిగింది. "సదువుకున్న్యావు గదా పాపా, నువ్వు చెప్పు."

నాయన రొళ్ల నుంచి ఒట్టి చేతులతో హిందూపురం వచ్చినప్పుడు, చనిపోయిన ఒక హమాలీ బిళ్లనే సంఘం ఆయనకు ఊరికే ఇచ్చింది. నా చదువు దాని మీదే సాగింది. అందుకే "ఇచ్చేద్దాం మా" అన్నాను.

అమ్మ నాయన చొక్కా నుంచి బిళ్ల తీసి ఇచ్చేసింది. అప్పటి నుంచి నాతో మాట్లాడలేదు. 'దీన్ని చదివించింది ఇందుకేనా' అని నా గురించి అనుకుంటోందేమో. చొక్కా జేబు మీద పిన్ను చేసిన రంధ్రాలు అలాగే ఉన్నాయి. న్యాయమే చెప్పాను, కానీ అది చెప్పాల్సింది నేనేనా? మీరైతే ఏమనేవారు?