పీహెచ్‌కు మొలిచిన తోక

మా చిన్నాయన రొయ్యల గుంట నీళ్ల పీహెచ్ ఫోన్‌లో కనిపించేలా యాప్ రాసిచ్చాను. ఈ పొద్దున అందులో 8.1 అని ఉండాల్సిన చోట 8.100000000000001 అని పడింది.

"ఏందమ్మా, ఇంత పొడుగు పెరిగిపోయింది! తగ్గించేదానికి బెల్లం కరగబెట్టిస్తా ఉండా," అని చిన్నాయన ఫోన్‌లో ఒకటే కేకలు.

అది కంప్యూటర్ లెక్కలో వచ్చే తోకేనని, నీళ్లు బాగానే ఉన్నాయని చెప్పి, పాయింట్ తర్వాత ఒక్క అంకె చాలని కోడ్‌లో లైను చేర్చాను. 8.1 వచ్చేసింది.

సాయంత్రం పక్క గుంట ఓనరు ఇంటికొచ్చాడు. "మా గుంటలో తొమ్మిదిన్నర దాటింది. మీ చిన్నాయనకు తగ్గించినట్టే మాకూ తగ్గించమ్మా."

ఆయనది నిజంగానే పెరిగింది. బెల్లం నీళ్లు పోయించమన్నాను.

"ఇంత చదువు చదివి నువ్వూ బెల్లమేనా?" అని ముఖం మాడ్చుకుని వెళ్లిపోయాడు.

నీళ్లలోనే పీహెచ్ తగ్గించే కోడ్ మీలో ఎవరికైనా వస్తే కామెంట్లో పెట్టండి, ఊళ్లో నా పరువు పోతోంది.