వేణ్ణీళ్ళలో ముంచిన రక్తం

ముందే చెప్పేస్తున్నాను, నేను గోరంతను కొండంత చేసే మనిషిని. మా వీధిలో జీడిపిక్క చిట్లితే, నా నోట పడి జలంత్రకోట చేరేసరికి ఫ్యాక్టరీ పేలుడైపోతుంది. చదివేవాళ్ళు ఎవరికి తోచినంత వాళ్ళు తగ్గించుకోండి.

మా బావకి కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానంలో ఈ మాట ఎవరినీ ఉలిక్కిపడేలా చెయ్యదు. ఆ వారం ఒంట్లో రక్తం మరీ పడిపోయి, మనిషి లేత కొబ్బరిలా తెల్లబడ్డాడు. ముందు రక్తం ఎక్కితే తప్ప డయాలసిస్ పెట్టలేమన్నారు ఆసుపత్రిలో. గ్రూపు చూస్తే ఓ నెగెటివ్. మాకు తెలిసిన బంధువుల్లో ఆ రక్తం ఉన్నది ఒక్కడికే, గట్టు మీది కొబ్బరిచెట్టు కోసం బావని కోర్టుకీడ్చిన పాలోడికి. పాలోడంటే దాయాది; బావ పెదనాన్న కొడుకు, పరమ శత్రువు. అయినా వచ్చి ఇచ్చాడు. ప్రేమతో కాదు, ఊళ్ళో జన్మంతా చెప్పుకోవడానికి. మర్నాడు తన రక్తం ఎక్కుతుంటే కళ్ళారా చూడాలని వచ్చి వరండాలో తిష్ట వేశాడు.

బ్లడ్ బ్యాంకు నుంచి ఐసుపెట్టెలో రక్తం సంచి మోసుకొచ్చింది నేనే. వార్డు నర్సు అందుకుంది. ఆవిడ చూపు పడితే పలాసలో ఆగని ఎక్స్‌ప్రెస్ కూడా ఆగుతుంది. సంచి మీది గ్రూపూ బావ పేరూ ఇంకో నర్సుతో కలిసి పైకి చదివి సరిచూసింది. అంతలో పక్క మంచం మనిషి వాంతి చేసుకుంటే, “ముట్టుకోకండి, వత్తన్నాను” అని అటు పరిగెత్తింది.

మా అక్క ముట్టుకుంది. బావకి జబ్బు చేసిన దగ్గర్నుంచి చల్లటిదేదీ ఆయన ఒంట్లోకి పోనివ్వలేదు, మజ్జిగ కూడా కాచే పోస్తుంది. సంచి చేతికి చల్లగా తగిలింది. ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు క్యారేజీ గిన్నెలో వంచి, సంచిని అందులో ముంచింది. నాకూ సబబుగానే తోచింది.

నర్సు తిరిగొచ్చి గిన్నె చూసింది. “ఏటి సేత్తన్నావమ్మా?”

“మనిసి ఒంట్లోంచి ఎచ్చగా వచ్చిందే కదా. సల్లగా ఎక్కిత్తే జొరం రాదేటి?”

“ఏణ్ణీళ్ళలో పెడితే లోపల కణాలు పగిలిపోతాయి. ఇది ఎక్కిత్తే జొరం కాదు, మనిసే పోతాడు.” సంచి తీసి పక్కన పెట్టేసింది.

“నా మొగుడికి ఏది పడతాదో నాకు తెల్దేటి? ఇన్నేళ్ళూ నువ్వు వండి పెట్టావా?”

“నువ్వు వండబట్టే కదా ఇది పాడైంది.”

అక్క గొంతు టెక్కలి హైవే మీద లారీల్ని దారి మళ్ళించింది. నేనూ కలగజేసుకుని, పేపర్లో రాస్తానని బెదిరించాను.

“రాయండి,” అంది నర్సు. “రక్తం ఉడకబెట్టినావిడ తమ్ముణ్ణని మొదటి లైన్లోనే రాయండి.”

గోలకి పాలోడు లోపలికొచ్చాడు. సంగతి తెలిసి నోరు తెరిచాడు. “ఏటొదినా, ఎక్కించుకోమని ఇచ్చాను గానీ పులుసెట్టుకోమన్నానా? మూడు నెల్ల దాకా నా దగ్గర ఇంక సుక్క తియ్యరు.”

బావ కళ్ళు తెరవకుండానే, “నీ రక్తమే కదరా, పోతే పోయింది” అన్నాడు. ఆ నాలుగు మాటలకే ఆయాసం ముంచుకొచ్చింది.

పాలోడు మంచం మీదికి వంగాడు. “సచ్చిపోదావనుకుంటన్నావేటి? తగువు తేలకుండా ఎలా సత్తావు? కోర్టులో నాకెదురు ఎవడు నిలబడతాడు?”

విసవిసా వెళ్ళి, అదే గ్రూపున్న తన బావమరిదిని పూండి నుంచి బండి మీద లాక్కొచ్చాడు. పరీక్షలన్నీ అయి రెండో సంచి వార్డుకి చేరేసరికి సాయంత్రమైంది.

ఈసారి నర్సు మొదట ఫ్లాస్కుని, తర్వాత అక్కని గుమ్మం అవతల పెట్టింది. సూది పెట్టి, చుక్కలు నెమ్మదిగా పడేలా గొట్టం మీది చక్రం తిప్పి, బావ పక్కనే స్టూలు వేసుకుంది. నాడి పట్టుకుని, జ్వరం చూసి, నడుం నొప్పా, దురదా, వణుకా అని ఆరా తీసింది.

“అలా కూకుంటే మిగతావోళ్ళని ఎవరు సూత్తారు?” అంది అక్క గుమ్మంలోంచి.

“మొదటి పావుగంటలోనే ఏదైనా తేడా వత్తాది. పైగా నువ్వు మళ్ళీ పొయ్యెట్టకుండా సూడాలి కదా.”

సంచి సగమయ్యేసరికి బావ పెదాలకి రంగొచ్చింది. చెయ్యెత్తి పాలోడికి దండం పెట్టాడు. పాలోడు కళ్ళు తుడుచుకున్నాడు.

ఇక కల్పించిందేదో చెప్పేస్తాను. వేణ్ణీళ్ళు నిజం, తిట్లు నిజం, అసలు తిట్లు ఇంకా ఘోరం. దండమూ కన్నీళ్ళూ మాత్రం నావి. నిజానికి కాస్త ఓపిక రాగానే బావ పాలోడి ముఖం చూడలేక గోడవైపు తిరగబోయాడు. సూది ఉన్న చెయ్యి కదిపితే ఊరుకోనని నర్సు కసిరింది. దాంతో సంచి ఖాళీ అయ్యేవరకూ ఇద్దరూ ఒకరినొకరు మిడిగుడ్లేసుకుని చూసుకుంటూ ఉండిపోయారు.