తప్పంతా ఇంజనుదే

వికారాబాద్ స్టేషన్ పక్కన రేకుల షెడ్డులో మోటార్లు బాగుచేసే మొగులప్పకు లోకంలో ఒక్కటే నమ్మకం. ఏ బండికి ఏమైనా తప్పు ఇంజనుదే. టైరు పంక్చరైతే తప్పు ఇంజనుది. తలుపు ఊడితే తప్పు ఇంజనుది. ధారూర్ దగ్గర ఒక ఎద్దు వచ్చి కారును కుమ్మినప్పుడు కూడా అంతే. బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, బానెట్ ఎత్తి, లోపలికి తొంగిచూసి, పెద్ద నిట్టూర్పు విడిచాడు.

"ఇంజన్ల దమ్ము లేదు. గందుకే ఎద్దుకు గూడ అలుసైంది," అన్నాడు.

ఆ నిట్టూర్పు వింటే కారు యజమానులకు కాళ్లూ చేతులూ చల్లబడేవి. బానెట్‌ను ఎంత మెల్లగా, ఎంత బాధగా దించేవాడంటే, దారిన పోయేవాళ్లు ఆగి "ఎవరు పోయిండ్రు?" అని అడిగేవాళ్లు. తర్వాత గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "ఇగ ఆశ పెట్టుకోకు సేటూ," అనేవాడు. అంటూనే సాయంత్రానికల్లా బండిని బాగుచేసి పంపేవాడు. అది గుర్రుమంటూ పోతుంటే వెనక నుంచి చూస్తూ, "పోతున్నది గానీ, ఎంత దూరం పోతది?" అని మళ్లీ దిగాలుపడేవాడు.

ఈ మనిషి వల్ల అందరికంటే ఎక్కువ అల్లాడినవాడు తాండూరు సూర్యప్రకాశ్. బజారులో పప్పుల వ్యాపారం వాళ్లది. పుట్టినప్పటి నుంచీ మోటారు పిచ్చి. "వీడు అమ్మా అనకముందే పాంపాం అన్నడు," అని తల్లి సావిత్రమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది. పోలీసు యాక్షన్ అయి ఇంకా పదేళ్లు దాటలేదు. ఆ వైపు కార్లు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే. అలాంటి రోజుల్లో, తండ్రి పోయి వ్యాపారం చేతికి రాగానే, డాల్టన్ కంపెనీవాళ్ల కొత్త మోడల్ కారు కొన్నాడు.

కొన్నది తనకోసం కాదు, తల్లి కోసం. సావిత్రమ్మ చెల్లెలు అనసూయమ్మ వికారాబాద్‌లో ఉంటుంది. చెల్లెల్ని చూడాలంటే ఆమె పాసింజరు రైల్లో మిరపకాయ బస్తాల మధ్య ఇరుక్కుని వెళ్లేది. అమ్మను కారులో మహారాణిలా తీసుకుపోయి పిన్ని గుమ్మం ముందు దింపాలి. సూర్యప్రకాశ్ బతుకులో పెట్టుకున్న ఆశ అదొక్కటే.

దింపబోయాడు, ఒకే ఒక్కసారి. ఆ రోజు అనంతగిరి మలుపులన్నీ దాటి వికారాబాద్ చేరాక, రేడియేటరులో నీళ్లు పోయించడానికి మొగులప్ప షెడ్డు దగ్గర బండి ఆపాడు. సావిత్రమ్మ దిగి, షెడ్డు వెనక తొట్టి దగ్గర మొహం కడుక్కోవడానికి వెళ్లింది. సూర్యప్రకాశ్ చాయ్ తాగి వచ్చేసరికి మొగులప్ప బానెట్ ఎత్తి నిలబడి ఉన్నాడు. నిట్టూర్పు అప్పటికే సగం అయిపోయింది.

"సేటూ, గీ ఇంజన్ను నమ్మి అమ్మను ఎక్కియ్యకు. అడివిల నిలవెడ్తది. ఇగ ఆశ పెట్టుకోకు."

"కొత్త బండి మొగులప్పా! ఇంక సీట్ల మీది కాగితం గూడ తియ్యలే!"

"గదే నా బాధ. పాతదైతే ఎట్లనన్న సచ్చేదే అనుకుందుము. గింత చిన్న వయసుల..." మొగులప్ప మాట పూర్తి చేయలేక తల తిప్పుకున్నాడు.

ఆ మాట సావిత్రమ్మ చెవిన పడింది. అంతే, ఇక కారు ఎక్కనంటే ఎక్కనంది. సూర్యప్రకాశ్ బతిమాలాడు, అలిగాడు, అన్నం మానేశాడు. "నేను రైలు మీదనే పోత కొడుకా. మొగులప్ప తెలిసినోడు," అని ఆమె మూట కట్టుకుని స్టేషనుకు నడిచేది. సూర్యప్రకాశ్ ఖాళీ కారు తోలుకుంటూ వెంట పోయేవాడు. రైలు గేటు దగ్గర బండి ఆపి నిలబడితే, పాసింజరు కిటికీలోంచి తల్లి చేయి ఊపేది. కొడుకు కారులో, తల్లి రైల్లో! తాండూరు బజారు నవ్వని రోజు లేదు. అతనికి తల కొట్టేసినట్టుండేది.

అవమానం అక్కడితో ఆగితే బాగుండేది. వికారాబాద్‌లో బాల్‌రాజ్ చాయ్ హోటల్ ఉంది. ఆ చుట్టుపక్కల కారున్నవాళ్లూ, కారు తోలేవాళ్లూ, జన్మలో కారు ఎక్కనివాళ్లూ అక్కడ చేరి డాల్టన్ కంపెనీ ఇంజన్ల గురించి గొంతులు బొంగురుపోయేదాకా వాదించుకునేవాళ్లు. తగవంతా వాల్వుల దగ్గర. పాత మోడల్లో వాల్వులు ఇంజను పక్కన ఉండేవి. కొత్త మోడల్లో కంపెనీవాళ్లు వాటిని ఇంజను నెత్తి మీదికి ఎక్కించారు. ధాన్యం కమీషను వ్యాపారి రాజేశానిది పాత మోడల్. పక్క వాల్వులను ఎవరైనా ఒక మాటంటే, తన మీసం పట్టి లాగినట్టు లేచేవాడు.

"పక్కకుంటే సల్లగ ఉంటయ్. నెత్తి మీద వెడ్తే ఉడికిపోవా? కంపెనోల్లకు తెలివి లేదు!" అనేవాడు రాజేశం.

"నెత్తి మీద ఉంటేనే ఇంజన్ మంచిగ ఊపిరి తీస్తది. నీ బండి కొండ ఎక్కుతుంటే పక్క పొంటి మేకలు దాటిపోతున్నయ్," అనేవాడు సూర్యప్రకాశ్.

"మేకలు దాటినా సరే, పైకి చేర్తది!"

"మొగులప్పా, నువ్వు చెప్పు!" అని చివరికి ఇద్దరూ అటు తిరిగేవాళ్లు.

మొగులప్ప సాసర్లో చాయ్ ఊదుకుంటూ ఇద్దరినీ జాలిగా చూసేవాడు. "పక్క వాల్వులు పక్కకు సస్తయ్. పై వాల్వులు పైకి పోతయ్. ఏది కొన్నా కొంప మునిగినట్టే సేటూ," అనేవాడు. ఆ మాటతో హోటలంతా చావు కబురు విన్నట్టు చప్పబడిపోయేది.

రాజేశం కారు తోలే అంజిలయ్య ఒకసారి పూడూరు దగ్గర నడిరోడ్డు మీద బండి ఆపేశాడు. పెట్రోలు చూసుకోలేదు. అంత తేలిక సంగతి. రాజేశం కోపంతో ఊగిపోయి, "నిన్ను కొలువులకెల్లి తీసేస్త," అని షెడ్డు ముందే అరిచాడు. మొగులప్ప వచ్చి, బానెట్ ఎత్తి, నిట్టూర్చాడు.

"పిలగాన్ని తిట్టి ఏం లాభం సేటూ? గీ ఇంజన్ పెట్రోలు తాగది, మింగుతది. ఎంత పోసినా తెల్వకుండ మింగుతది."

తన పక్క వాల్వుల మీద అంత మాట పడేసరికి రాజేశం అంజిలయ్యను మరిచిపోయి మొగులప్ప మీద పడ్డాడు. అంజిలయ్య సందు చూసి జారుకున్నాడు. అతని కొలువు నిలిచింది. పాపం, ఇంజను పరువే పోయింది.

ఇలా ఉండగా కార్తీకం వచ్చింది. సావిత్రమ్మ అనంతగిరి స్వామి దర్శనం చేసుకుంటానంది. వికారాబాద్ దాకా రైలు ఉంది గానీ, రైలు కొండెక్కదు కదా! సూర్యప్రకాశ్‌కు పోయిన ప్రాణం లేచివచ్చింది. తిన్నగా బాల్‌రాజ్ హోటలుకు వెళ్లి, నలుగురి ముందు మొగులప్ప భుజం పట్టుకున్నాడు.

"మా అమ్మను ఎన్కసీట్ల కూసోవెట్టుకొని కొండ ఎక్కిస్త. నువ్వు నా పక్కకు కూసో. బండి యాడ నిలవడకుండ పైకి చేరితే, గీడికొచ్చి 'ఇంజన్ మంచిది' అని నీ నోటితోని చెప్పాలె."

"నిలవడితే?" అన్నాడు రాజేశం ఆశగా.

"నిలవడితే బండి అమ్మేస్త!"

మొగులప్ప మొహం పాలిపోయింది. "వద్దు సేటూ. అమ్మకు ఎడ్లబండి కట్టిస్త. పచ్చగడ్డి పరిచి, మెత్తగ..."

"ఇంజన్ లేదని నీకు ఎడ్లబండి మీద ప్రేమనా?"

"గీ దునియల నమ్మదగ్గ బండి గదొక్కటే," అన్నాడు మొగులప్ప. అయినా, "పోక తప్పదంటే నేను లేకుండ పోవద్దు," అని ఒప్పుకున్నాడు.

సావిత్రమ్మ ఈసారి కాదనలేకపోయింది. కొడుకు మొహం చూసి, దేవుడికి దండం పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. ముందు సీట్లో మొగులప్ప, చావు ఇంటికి బయల్దేరినవాడిలా. బండి మాత్రం మహా హుషారుగా ఎత్తు అందుకుంది. దానికి కొండ ఒక లెక్కలోది కాదు. సూర్యప్రకాశ్‌కు ఈల వేయాలనిపించింది. అంతలో మొదటి మలుపు తిరిగారు.

"ఆపు సేటూ! ఆపు! ఇంజన్ దగ్గుతున్నది!"

"నాకేం ఇనవడ్తలేదు!"

"నీ పానమంత దాని మీద ఉన్నది, నీకెట్ల ఇనవడ్తది? ఆపు!"

ఆపక చస్తాడా! మొగులప్ప దూకి బానెట్ ఎత్తాడు. "కాళ్లు తిమ్మిరెక్కినయ్, జర నడిసొస్త," అని సావిత్రమ్మ కూడా దిగింది. సూర్యప్రకాశ్ స్టీరింగు మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. పందెం పోయింది, బండి పోయింది, అమ్మ ముందు పరువు పోయింది. కాసేపటికి మొగులప్ప బానెట్ దించి, "ఇప్పటికైతే బతికింది," అన్నాడు. రెండో మలుపులో ఇంజను కాలుతున్న వాసన వస్తోందన్నాడు. సూర్యప్రకాశ్‌కు కొండగాలి వాసన తప్ప ఏ వాసనా తగల్లేదు. మళ్లీ ఆగారు. ఆ పై మలుపులో "ఆపు!" అనగానే సూర్యప్రకాశ్ సహనం తెగిపోయింది. ఈ మనిషి ఇంజన్లో ఏం చూస్తాడో ఈరోజు తేల్చుకుంటానని తనూ దిగి ముందుకు వెళ్లాడు.

మొగులప్ప తల బానెట్ కిందే ఉంది. కానీ అతను ఇంజనును చూడటం లేదు. బానెట్ సందులోంచి వెనకవైపు చూస్తున్నాడు.

సూర్యప్రకాశ్ కూడా ఆ సందులోంచి చూశాడు. రోడ్డు పక్కన మోదుగు చెట్టు చాటున తల్లి వంగి ఉంది. ఒక చేత్తో చెట్టు పట్టుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, చప్పుడు బయటికి రాకుండా వాంతి చేసుకుంటోంది. తర్వాత నిటారుగా నిలబడి ఊపిరి తీసుకుంది. మొహం తుడుచుకుంది, వెంట్రుకలు సవరించుకుంది. కారు వైపు తిరిగే ముందు మొహానికి నవ్వు తెచ్చుకుంది.

"అయింది, ఇగ పోదాం," అంటూ మొగులప్ప బానెట్ దించబోయి, పక్కనే ఉన్న సూర్యప్రకాశ్‌ను చూసి బిగుసుకుపోయాడు. జన్మలో మొదటిసారి ఇంజనును తిట్టడానికి అతనికి మాట దొరకలేదు.

"కారు పడదా మా అమ్మకు?" అన్నాడు సూర్యప్రకాశ్ గొంతు తగ్గించి.

"పెట్రోలు వాసన తగిల్తె చాలు సేటూ. మొదటి దినమే నా షెడ్డెన్క కూలవడ్డది. నీళ్లు పోసిన. 'కొడుక్కు చెప్పకు మొగులప్పా, నా కోసమని కొన్నడు, వాని మనసు ఇరుగుతది' అని నా చెయ్యి పట్టుకున్నది. నేనేం జేద్దు? మనిషి పేరు చెప్తే మనిషి బాధపడ్తడు. ఇంజన్కు మనసు లేదు గద, దాని మీద వేసిన."

సూర్యప్రకాశ్‌కు సిగ్గేసింది. అమ్మను సుఖపెట్టాలన్న పట్టుదలతో అమ్మను ఏడిపించాడు. అది కనిపెట్టడానికి పరాయివాడు కావలసి వచ్చింది. పెట్రోలు మింగిందన్న రాజేశం ఇంజను కూడా ఇప్పుడు గుర్తొచ్చింది. ఇలా ఎందరి తప్పులు మోసి ఎన్ని ఇంజన్లు చెడ్డపేరు తెచ్చుకున్నాయో! కళ్లు తుడుచుకున్నాడు. అయినా మోటారు పిచ్చివాడు కదా, అడగకుండా ఉండలేకపోయాడు.

"మరి ఇంజన్?"

మొగులప్ప అటూ ఇటూ చూసి, అతని చెవి దగ్గర నోరు పెట్టాడు. "బంగారమసొంటి ఇంజన్ సేటూ. గిసొంటిది నేను సూడలే. ఎవ్వరికి చెప్పకు, నా ఇజ్జత్ పోతది."

సావిత్రమ్మ నెమ్మదిగా కారు దగ్గరికి వచ్చింది. సూర్యప్రకాశ్ బానెట్ మీద చేయి వేసి, కంపెనీ పేరును తలుచుకుని, గుండె రాయి చేసుకున్నాడు.

"అమ్మా, గీ ఇంజన్ ఇగ పైకి ఎక్కదట. నడుద్దామా?"

"అయ్యో, గట్లనా కొడుకా!" అంది సావిత్రమ్మ. అంటూనే అడుగు ముందుకు వేసింది. మిగతా కొండ గోవిందలు చెప్పుకుంటూ అందరికంటే ముందు ఎక్కింది.

బాల్‌రాజ్ హోటల్లో ఆ సాయంత్రం రాజేశం సంబరానికి హద్దు లేదు. అందరికీ చాయ్ పోయించాడు. "నెత్తికెక్కిన వాల్వులు ఎక్కినట్టే దిగినయ్!" అని బల్ల గుద్దాడు. సూర్యప్రకాశ్ తల వంచుకుని, "నిలవడ్డది అన్నా, ఇంజన్ మంచిది గాదు," అని తన ప్రాణానికి ప్రాణమైన పై వాల్వులను తన నోటితోనే తిట్టాడు.

మూలన కూర్చున్న మొగులప్ప ఇటు కదిలాడు, అటు కదిలాడు. సాసరు కింద పెట్టాడు. చివరికి పట్టలేకపోయాడు.

"గంత... గంత చెడ్డదేం గాదు," అన్నాడు.

హోటలంతా అటు తిరిగింది. మొగులప్ప నోట ఇంజనుకు మంచి మాట! బాల్‌రాజ్ గబగబా వచ్చి, జ్వరం తగిలిందేమోనని అతని నుదురు మీద చేయి వేసి చూశాడు.

మర్నాడు సూర్యప్రకాశ్ కారును షెడ్డులో వదిలి, తల్లితో పాటు తాండూరు పాసింజరు ఎక్కాడు. మిరపకాయ బస్తాల ఘాటుకు అతనికి కళ్లలో నీళ్లు కారుతున్నాయి. సావిత్రమ్మ మాత్రం కిటికీ పక్కన కాళ్లు ముడుచుకుని హాయిగా కూర్చుంది. మూట విప్పి, పులిహోర తింటూ, పక్కనున్నవాళ్లకు పంచుతూ, ధారూర్ రాకముందే సగం డబ్బా ఖాళీ చేసింది. ప్రయాణంలో అమ్మ ఇంత కమ్మగా తింటుందని అతనికి ఇన్నాళ్లూ తెలియనే తెలియదు.

"అమ్మా, గా బండి అమ్మేస్త. నలుగురి ముందర మాటిచ్చిన," అన్నాడు.

సావిత్రమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది. కారు మీద ఆమెకు ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది.

"గంత పని చెయ్యకు కొడుకా," అంది. "పాపం, దాని తప్పేమున్నది?"

సూర్యప్రకాశ్ నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగి, మిరపకాయల ఘాటు తగిలినట్టు గట్టిగా దగ్గాడు.