పడుగు, పేక అని చెప్పినందుకు

ఓ జూన్ మొదటి సోమవారం కరీంనగర్‌లోని ఒక ఆసుపత్రి తలసేమియా విభాగంలో జన్యు కౌన్సెలర్‌గా చేరాను. నాకు ముప్పై రెండేళ్లు వచ్చేసరికే ఆ కాంట్రాక్టు ముగిసింది కనుక విశ్రాంత ఉద్యోగి హోదా నాకు నేనే ఇచ్చుకున్నాను. డాక్టరు రిపోర్టులో రాసింది కుటుంబానికి అర్థమయ్యేలా చెప్పి రిజిస్టరులో సంతకం తీసుకోవడం నా పని.

చేరిన మూడో ఏడు శ్రీనివాస్, అతని భార్య లావణ్య వచ్చారు. అతను పవర్‌లూమ్ కార్మికుడు. వాళ్ల మూడేళ్ల పాపకు తలసేమియా, నెలనెలా రక్తం ఎక్కిస్తున్నారు. ఆమెకు మళ్లీ మూడో నెల. తలసేమియా లోపం ఇద్దరిలోనూ దాగి ఉంది. అలాంటి జంటకు ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. గర్భంలోని బిడ్డకు హైదరాబాద్‌లో పరీక్ష చేయించాలి; దానికి నెలల లెక్కన గడువు ఉంటుంది.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే సరిపోయేది. మగ్గం మనిషికి మగ్గం భాషలో చెబుదామని నా తెలివి కలిపాను. తల్లి పడుగు, అంటే నిలువు దారం; తండ్రి పేక, అంటే అడ్డ దారం; బిడ్డ బట్ట అన్నాను. రెండు జోకులు కూడా వేశాను. "సమజైందా?" అంటే "సమజైంది సార్" అన్నారు.

పరీక్ష రోజు వాళ్లు హైదరాబాద్ వెళ్లలేదని తెలిసింది. ఫోన్ చేశాను.

"ఆమెను తల్లిగారింట్ల ఇడిసొచ్చిన సార్," అన్నాడు శ్రీనివాస్. "పేకల తప్పుంటే పీకి మళ్ల నేస్తం. పడుగుల ఉంటె బీముకు చుట్టిన నూలు మొత్తం పాయె. తల్లే పడుగని మీరే అంటిరి గద! మా అవ్వ గూడ గదే అన్నది."

మగ్గం గురించి నాకు తెలిసినవి ఆ రెండు మాటలే.

మర్నాడు అతన్ని వెంటబెట్టుకుని జమ్మికుంట దగ్గర లావణ్య పుట్టింటికి వెళ్లాను. ఆమె తండ్రి ఎదుట, ఈసారి మగ్గం లేకుండా చెప్పాను. లోపం ఇద్దరిదీ, తప్పు ఎవరిదీ కాదన్నాను.

"మీరు నవ్వుకుంట చెప్పిండ్రు సార్," అంది లావణ్య. "గంత పెద్ద ముచ్చటైతే నవ్వుకుంటెందుకు చెప్తరని నేను గూడ ఫికర్ జెయ్యలే."

ప్రతిదానికీ ఒక జోకు సిద్ధంగా ఉంచుకునేవాణ్ణి. ఈసారి అదంతా ఇంకోసారి, నవ్వకుండా చెప్పాను.

ఆమె తండ్రి అల్లుడి వైపు తిరిగాడు. "సార్ ఏమన్నడో ఇప్పుడు నువ్వు చెప్పు."

శ్రీనివాస్ అన్నాడు: "నాది గూడ ఉన్నది మామా. ఇద్దరిది కలిస్తెనే అస్తది."

గడువుకు నాలుగు రోజుల ముందు పరీక్ష జరిగింది. లావణ్య తండ్రితో వెళ్లింది, భర్తతో వెళ్లలేదు. బిడ్డకు జబ్బు లేదు. అందులో నా గొప్పేమీ లేదు.

ఆ తర్వాత నేనెవరినీ "సమజైందా" అని అడగలేదు. ఇంటికెళ్లి మీవాళ్లకు ఏం చెప్తారో నాకు చెప్పండని అడిగాను. మొదటి వారంలో వచ్చినవాళ్లలో ఒక్కరు కూడా నేను చెప్పినట్టు చెప్పలేదు. అంతకుముందు రెండేళ్లలో నా మాటలు ఎన్ని ఇళ్లకు ఏమని చేరాయో తెలుసుకునే దారి లేదు.