బోధన్‌లో మేయర్‌కు నజర్

ఢిల్లీ మేయర్ బోధన్ చక్కెర ఫ్యాక్టరీ చూడటానికి వస్తున్నారని మా ఊరంతటికీ తెలిసిన సాయంత్రం, కరీమా ఖాలా మా ఇంటికి వచ్చింది. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఆమెది మా పక్కిల్లే, పిన్ని వరసన ఖాలా అంటాను. భర్త పోయాక బట్టలు కుట్టి బతుకుతోంది. ఆమె తమ్ముడికి ఢిల్లీలో రోడ్డు పక్కన గడియారాలు బాగుచేసే చిన్న కొట్టు ఉంది. రోడ్డు వెడల్పు చేస్తున్నారు కాబట్టి కొట్టు తీసేయాలని అతనికి చెప్పారట. ఇంకోచోట కాస్త జాగా చూపించమని మేయర్‌ను అడగాలని ఖాలా ఆశ. "మొగోళ్ల నడుమ ఒక్కదాన్నే నిలబడలేను బేటీ. నువ్వు మాట్లాడకున్నా మంచిదే, పక్కకుండు" అంది. మాట్లాడనక్కర్లేదు అన్నందుకే ఒప్పుకున్నాను.

నిజామాబాద్ నుంచి బోధన్‌కు పొద్దున ఏడింటి బస్సే మంచిది. చెరకు ఆడే రోజుల్లో తర్వాతి బస్సులు ఎడ్లబండ్ల వెనక చిక్కుకుపోతాయి. మేమూ దాన్నే ఎక్కాం. టికెట్ రూపాయి లోపే. ఊరు దాటిన కాసేపటికి కాలువ నీళ్ల కింద పెరిగిన చెరకు రోడ్డుకు రెండు వైపులా మొదలవుతుంది. ఇక కిటికీలోంచి వేరే ఏమీ కనిపించదు.

"ఏడికవ్వా, పొద్దు పొద్దుగాల?" అని కండక్టర్ ఖాలాను అడిగాడు.

"మేయర్ సాబ్‌ను కలువనీకి."

"ఢిల్లాయననా? గాయన ఏడాదికే మేయర్ అంట. ఎండకాలం రాంగనే ఇంకొకాయన వస్తడు."

"ఏడాదికే దిగేటోనికి గంత పెద్ద ఊరు ఎవలిస్తరు? మా పటేలు తాతలకాడికెల్లి పటేలే."

"అందుకే చెవుడొచ్చినా దిగుతలేడు" అన్నాడతను. బస్సంతా నవ్వింది, ఖాలా కూడా.

కండక్టర్ చెప్పింది నిజమే. కాన్వెంట్‌లో చదివిన పౌరశాస్త్రం పుస్తకంలో ఆ పదవి గురించి ఒక పేరా ఉండేది. మేయర్‌ను సభ్యులు ఏడాదికి ఎన్నుకుంటారు, ఆయన సభకు అధ్యక్షత వహిస్తారు, పనులు నడిపించేది కమిషనర్. అదంతా ఖాలా చెవిలో చెప్పాను. "అధ్యక్షుడంటే పెద్దోడే గద" అంది.

బోధన్ బస్టాండు నుంచి ఫ్యాక్టరీకి రిక్షాలో అర్ధరూపాయి. గేటు చాలా దూరంలో ఉండగానే చెరకు పాకం వాసన తగులుతుంది. మేయర్ ముందు రుద్రూర్‌లో చెరకు పరిశోధన కేంద్రం చూసి, మధ్యాహ్నానికి గానీ రాలేదు. సన్నటి మనిషి. తెల్లటి ఖద్దరు, కళ్లద్దాలు. గేటు దగ్గర రైతులు దండలు వేస్తుంటే ఒక ఫోటోగ్రాఫర్ ముందు నడుస్తున్నాడు. ఖాలా వరసలోంచి ముందుకు వెళ్లి, నడుం వంచి, రెండు అరచేతులు చాచింది. చేతుల్లో తెల్లటి రుమాలు, దాని మీద నిజాం కాలపు వెండి రూపాయి.

అది నజర్. వెనకటి దొరతనంలో పెద్దవాళ్ల ముందుకు వెళ్లేవారు అలాగే వెళ్లేవారు. ఆ పెద్దలు నాణేన్ని తాకితే మన మాట వింటారని అర్థం. మేయర్‌కు రుమాలు కనబడలేదు, రూపాయే కనబడింది. చప్పున వెనక్కి తగ్గి, అందరికీ వినపడేలా, "అమ్మా, నేను డబ్బు తీసుకునే మనిషిని కాను" అని హిందీలో అన్నారు. ఎవరో ఖాలాను పక్కకు జరిపారు. మేయర్ లోపలికి వెళ్లిపోయారు.

"ఏంటమ్మా, ఇంతమంది ముందు లంచమా?" అన్నాడు మా పక్కనున్న రైతు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొనుక్కున్నవాడు.

"లంచం గాదు, ఇజ్జత్" అంది ఖాలా. రుమాలు మడిచి రవికలో పెట్టుకుంది.

మేము గేటు దగ్గరే ఉన్నాం. నిజాం కాలం నాటి అధికారి ఎవరో లోపల నజర్ సంగతి చెప్పినట్టున్నారు, మేయర్ బయటికి రాగానే కారెక్కకుండా నేరుగా ఖాలా దగ్గరికి వచ్చారు. చేతులు జోడించారు. "మీ పద్ధతి నాకు తెలియలేదు, క్షమించండి. ఏం పని మీద వచ్చారో చెప్పండి" అన్నారు.

ఖాలా ఆయన చెప్పుల వైపు చూస్తూ, "ఏం లేదు సాబ్. మిమ్మల్ని చూద్దామని వచ్చాను" అని ఉర్దూలో అంది.

నేను ఆమె మోచేయి తాకాను. ఆయన ఇంకాసేపు నిలబడ్డారు. ఆమె సలాం చేసింది. కారు వెళ్లిపోయింది.

తిరుగు బస్సులో, ఎందుకు అడగలేదన్నాను. "నజర్ ముట్టకముందు అడిగితే బిచ్చం బేటీ" అంది. కిటికీ వైపు తిరిగి, "తమ్మునికి ఏం జెప్పాల్నో సోంచాయిస్తున్న" అంది.

ఆ కొట్టు పోయింది. ఆమె తమ్ముడు ఇప్పుడు పనిముట్లు సంచిలో వేసుకుని ఎవరెవరి అరుగుల మీదో కూర్చుంటున్నాడట. చాచిన చేతిలో తప్పు లేదు, వెనక్కి తగ్గిన మనిషిలోనూ తప్పు లేదు. మేయర్ విన్నా ఆయన చేతిలో ఏమీ ఉండకపోవచ్చు. కానీ ఆయన నిలబడి ఎదురుచూసిన ఆ కాసేపు ఖాళీగా పోయింది. నాకు విచారం దానికే. బోధన్‌కు ఎవరినైనా కలవడానికి పాతకాలపు పెద్దవాళ్లను వెంట తీసుకెళ్తుంటే, వాళ్ల మర్యాద ఎలాంటిదో ఆ వచ్చేవారికి అక్కడి అధికారితో ముందుగానే చెప్పించండి. గేటు దగ్గర అందుకు వ్యవధి ఉండదు.